మొదటి అక్షరాన్ని పట్టుకున్న చివరి అక్షరం

నా దోస్తు వాళ్ళ నాన్న కాతిబ్. అంటే ఉర్దూ అక్షరాలు చేత్తో అందంగా రాసిపెట్టే మనిషి. ఛత్తా బజార్‌లో పెళ్ళికార్డులు అచ్చువేసే దుకాణాలకు తన పెళ్ళి కాకముందు నుంచీ రాస్తున్నాడు. పాతబస్తీలో సగం మంది పెళ్ళికొడుకుల పేర్లు నా ఖలం కిందనుంచే పోయినయ్ అనేవాడు, అదీ ఎవరూ అడక్కుండానే. వినయం అనేది ఆయన ఒంటికి పడని వస్తువు. నేను ఆయన్ని చాచా అనేదాన్ని, ఆయన నన్ను బేటీ అనేవాడు. ఒకరి మీద ఒకరం రోజూ కోప్పడేవాళ్ళం.

తొంభైల చివర్లో ఆ దుకాణాల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. మొదట కార్డు లోపలి రాత పోయింది, తర్వాత పైన పెద్ద అక్షరాలు పోయాయి. ఆఖరికి ఆయనకు మిగిలింది కవర్ల మీద పిలిచేవాళ్ళ పేర్లు రాసే పని ఒక్కటే. ఒక్కో పెళ్ళికి వందల కవర్లు. ఖర్మ కొద్దీ సరిగ్గా అప్పుడే ఆయన కుడిచెయ్యి వణకటం మొదలైంది. కాసేపు బాగానే ఉండేది, ఉన్నట్టుండి గీత పక్కకు పోయేది. అలా పోయిన కవరును ఎవరికీ చూపించకుండా జేబులో పెట్టుకునేవాడు.

ఆయన కూతురు, నేను కలిసి ఎంసీఏ చదివాం. మాది జహనుమా. మా నాన్న గుంటూరు వైపు నుంచి గుమాస్తా ఉద్యోగం మీద వచ్చి అక్కడ అద్దెకు దిగి, ఇక కదల్లేదు. ఇంట్లో ఒక తెలుగు, గడప దాటితే ఇంకో తెలుగు. 'ఏందే' అన్నానంటే మా అమ్మ అట్లకాడ పట్టుకుని వంటింట్లోంచి బయటికి వచ్చేది. దోస్తు వాళ్ళిల్లు పురానాపూల్ దగ్గర సందులో. నేను కోఠీలో ఒక చిన్న ఆఫీసులో ప్రోగ్రాములు రాసేదాన్ని. తను ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని వాళ్ళకీ వీళ్ళకీ టైపింగు, డిజైనింగు చేసిపెట్టేది.

ఒకరోజు ఆఫీసు నుంచి వెళ్తూ వాళ్ళింట్లో దిగితే, టీ కప్పు నా చేతికిచ్చి తలుపు దగ్గరకు వేసింది.

"మా అబ్బా చేతిరాతను కంప్యూటర్ల ఎక్కిస్తనే. చెయ్యి పూరా పోకముందే. పేరు కొడితే చాలు, అబ్బా రాసినట్టే రావాలె."

"ఉర్దూ సాఫ్ట్‌వేర్లు ఉన్నయ్ గదా?"

"ఉన్నయ్. ఎవరివో అక్షరాలు. మా అబ్బావి గావు."

వాళ్ళు రాసేది నస్తలీఖ్ అనే రాత. అందులో అక్షరం ఒంటరిగా ఉండదు. పక్కదాన్ని బట్టి దాని రూపం మారుతుంది. మాట మొత్తం కుడి నుంచి ఎడమకు వాలుగా జారి గీత మీద వచ్చి కూర్చుంటుంది. మామూలుగా అక్షరానికో అచ్చు తయారుచేస్తే కుదరదు. అందుకని తను సొంతంగా ఒక ప్రోగ్రాము రాయటం మొదలుపెట్టింది. దాన్ని నడపటానికి ఒక ఓపెన్ సోర్సు భాషను ఎంచుకుంది. ఆ భాషలో మనం రాసిన వరసలను ఒక్కొక్కటిగా చదివి నడిపించే ఇంటర్‌ప్రెటర్, ఒక పత్రికతో ఊరికే ఇచ్చిన సీడీలో మాకు దొరికింది. దాని లోపలి సోర్సు కూడా అందులోనే ఉంది. ఎవరైనా విప్పి చూడొచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది వాళ్ళకు పంపొచ్చు. మమ్మల్ని అడగనివ్వని, ముట్టుకోనివ్వని లోకంలో ఇట్లాంటిది ఒకటుందా అని మాకు మహా సంబరంగా ఉండేది.

చాచా మొదట ఒప్పుకోలేదు. "మెషీన్ కు హాత్ హై క్యా?" అన్నాడు. యంత్రానికి చెయ్యుందా అని. కూతురు బతిమాలింది, అలిగింది, ఒక పూట అన్నం మానేసింది. ఆఖరికి కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. చెయ్యి బాగున్న పొద్దుటి పూట ఒక్కో అక్షరం అన్ని జోడింపుల్లోనూ రాశాడు, కార్డుల మీద మాటిమాటికీ వచ్చే మాటలు కూడా. వాళ్ళింట్లో రాసిన కాగితం నేలమీద పెట్టకూడదు. అక్షరాల్లో దేవుడి పేరు ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు అంటారు. దాంతో మంచం, బీరువా పైభాగం, కుట్టుమిషను, బియ్యం డబ్బా మూత అన్నీ కాగితాలే. మనుషులు కూర్చోవటానికి చోటు లేక వాళ్ళమ్మ, నేను గోడకు ఆనుకుని నిలబడి టీ తాగాం.

స్కానింగు, కత్తిరింపు, వాటిని అమర్చటం, ఇదంతా అయ్యేసరికి చలికాలం పోయింది. మొదటి పేరు తెర మీద వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. చాచా కళ్ళజోడు తుడుచుకుని ముందుకు వంగి చూశాడు. ఒక వంపు బాగాలేదని తన రాతను తనే తిట్టుకున్నాడు. తర్వాత తెర మీద వేలు పెట్టి, "మైఇచ్ లిఖ్యా" అన్నాడు. నేనే రాశాను అని. ఆ మాట రెండోసారి అని, కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకున్నాడు. మేమిద్దరం వేరేవైపు చూస్తూ ఉండిపోయాం.

ఆయన ఎన్నో ఏళ్ళుగా రాసిపెట్టిన ప్రెస్సు సేట్ మంచివాడే. చూసి మెచ్చుకున్నాడు. రంజాన్ తర్వాత పెళ్ళిళ్ళ సీజనుకు ఈ మెషీను మా దుకాణంలో పెట్టండి, కవర్ల పేర్లన్నీ దీంతోనే కొట్టిద్దాం, నడిస్తే ఇక ఛత్తా బజార్‌లో మీ చేతిరాతే ఉంటుంది అన్నాడు. చాచాకు ఇక కాళ్ళు నేలమీద ఆగలేదు. సందులో ప్రతివాడికీ చెప్పాడు. వణికే చేతిని పైకెత్తి చూపించి, ఇది పోయినా ఫికర్ లేదు అనేవాడు. నాకు ఆ మాట వింటే సంతోషంగానూ ఉండేది, భయంగానూ ఉండేది.

భయం ఎందుకంటే ప్రోగ్రాము ఆగిపోతోంది. పది పేర్లయితే హాయిగా వస్తాయి. పెద్ద జాబితా ఇస్తే సగం దారిలో నెమ్మదిస్తుంది, మూలుగుతుంది, తెర బిగుసుకుపోతుంది. మళ్ళీ మొదలుపెడితే చాచా అక్షరాల బొమ్మలన్నీ లోపలికి తెచ్చుకునేసరికి టీ కాచుకుని తాగి గిన్నె కడుక్కోవచ్చు. పెళ్ళివాళ్ళు నెత్తిన నిలబడి ఉండే ప్రెస్సులో అట్లా ఎవరాగుతారు?

"నా కోడ్ మొత్తం చూసిన. తప్పు దొరుకుతలేదు. ఏమైతుందో సమజ్ అయితలేదే. నువ్వు జర చూడు" అంది దోస్తు.

చూశాను. మెమరీ నిండిపోతోంది. రాసి అవతల పడేసిన పేర్లను ఇంటర్‌ప్రెటర్ వదలటం లేదు. ఇక దాని సోర్సు విప్పాను. ఆదివారాలు, ఆఫీసు అయ్యాక సాయంత్రాలు అదే పని. ఆ ఇంటర్‌ప్రెటర్ పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. లోపల పుట్టిన ప్రతి వస్తువుకూ, దాన్ని ఎంతమంది పట్టుకుని ఉన్నారో ఒక లెక్క ఉంటుంది. పట్టుకుంటే ఒకటి కలపాలి, వదిలితే ఒకటి తీసెయ్యాలి. సున్నాకు వస్తే దాన్ని తీసి పారేసి ఆ చోటును వేరేవాళ్ళకు ఇస్తుంది. ఎవరో ఒకరు వదిలినప్పుడు తీసెయ్యటం మర్చిపోతే ఆ వస్తువు ఎవరికీ పనికిరాకుండా, పోకుండా అలా పడి ఉంటుంది. ఆ మర్చిపోయిన చోటు పట్టుకోవటమే నా పని. వెతుకుతూ వెతుకుతూ ఇట్లాంటి లీకులు వేరేవి రెండు పట్టుకుని దిద్ది పంపాను. వాళ్ళు థాంక్స్ చెప్పి తీసుకున్నారు. మా లీకు మాత్రం అట్లాగే ఉంది. తలప్రాణం తోకకొచ్చింది.

ఆ భాషను నడిపేవాళ్ళ మెయిలింగ్ లిస్టుకు రాశాను. ఎక్కడో ఉన్న ఒకాయన ఓపిగ్గానే జవాబిచ్చాడు. మీ ప్రోగ్రాము మొత్తం మాకు వద్దు, మామూలు ఇంగ్లీషు అక్షరాలతో చిన్న నమూనా చేసి పంపండి అన్నాడు. చేశాను. ఇంగ్లీషు పేర్లు ఎన్ని వేలు కొట్టినా మెమరీ కదల్లేదు. పట్టుదల కొద్దీ తెలుగు పేర్లతో కూడా చేసి చూశాను, వత్తులూ గుణింతాలతో సహా. అప్పుడూ కదల్లేదు. ఉర్దూ పేర్లు పెడితే మాత్రం నిండిపోతుంది. ఇదే రాస్తే, అయితే తప్పు మీ ప్రోగ్రాములోనే ఉంది, మా దగ్గర లేదు అని చెప్పి ఆయన నా ఫిర్యాదును మూసేశాడు.

నాకు ఒళ్ళు మండింది. కోపం ముక్కు మీదుండే మనిషినని మా ఆఫీసులో అందరికీ తెలుసు, ఆ రోజు ఆ లిస్టుకు కూడా తెలిసింది. మీ కంటికి ఇంగ్లీషు తప్ప ఇంకోటి అక్షరంలా కనబడదా అని రాసి పంపేశాను. మర్యాదగా మాట్లాడమని నలుగురు బుద్ధి చెప్పారు. దోస్తు నా వెనక నిలబడి అవన్నీ చదివింది.

"ఎందుకే గట్ల లొల్లి పెట్టుకుంటవ్? వాళ్ళు మనకు బాకీ ఉన్నరా?"

"నువ్వు ఊకో."

"నువ్వే ఊకో. పక్కింటోళ్ళు కూడా నీ కీబోర్డు చప్పుడు విని భయపడుతున్నరు."

నవ్వుకున్నాం. నవ్వినంత మాత్రాన పని కాలేదు. రంజాన్ వచ్చింది, పోయింది. పండగ తర్వాత మెషీనును ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ప్రెస్సుకు తీసుకెళ్ళాం. చాచా కొత్త షేర్వానీ వేసుకుని ముందే వచ్చి కూర్చున్నాడు. మొదటి కవర్లు వస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళకు చూపించాడు. కాసేపటికి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ ఆగిపోయింది. పెళ్ళికూతురి మేనమామ వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. సేట్ గట్టిగా ఒక్క మాట అనలేదు. మిగతా కవర్లు ఇంకొకడికిచ్చి రాయించాడు, రెండు వారాల్లో బయటినుంచి తయారు సాఫ్ట్‌వేరు కొని తెచ్చి పెట్టుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టటానికి నాకు నోరు రాలేదు.

చాచా ఆ తర్వాత కూడా కూతుర్ని ఒక్క మాట అనలేదు. అదే మాకు ఇంకా కష్టంగా ఉండేది. నేను ఎప్పుడు వెళ్ళినా మంచం మీదనుంచే, "క్యా బేటీ, రుక్నా బంద్ హువా క్యా?" అని అడిగేవాడు. ఆగటం ఆగిందా అని. లేదు చాచా అంటే తల ఊపి అటు తిరిగి పడుకునేవాడు. వానలు పోయి చలి మొదలయ్యేసరికి దగ్గు పట్టుకుంది. ఛాతీలో నీరు చేరిందని ఆసుపత్రిలో పెట్టారు.

ఆ రోజుల్లోనే అది దొరికింది. దోస్తు ఆసుపత్రి నుంచి స్నానానికని ఇంటికి వచ్చింది. నేను ఆమె ప్రోగ్రామును ఏ వందోసారో చదువుతూ కూర్చున్నాను. అక్షరాల వరసలో ప్రతి అక్షరం తన పక్కదాన్ని పట్టుకుని ఉంది. సరే. మాట చివర వచ్చే అక్షరం మాత్రం వెనక్కి తిరిగి మొదటి అక్షరాన్ని పట్టుకుని ఉంది.

"ఇదెందుకే? ఆఖరిదానికి మొదటిదాంతో ఏం పని?"

తల తుడుచుకుంటూ, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూసింది నా వైపు. "ఆఖరిది వచ్చి గీత మీద కూసోవాలె గదా. మాట ఎంత పొడుగుంటే మొదటి అక్షరం అంత పైనుంచి మొదలుకావాలె. ఆఖరిది చెప్తేనే మొదటిదానికి ఎత్తు తెలుస్తది. అబ్బా గూడ గట్లనే రాస్తడు. మాట మొత్తం మనసుల రాసుకున్నంక ఖలం పెడ్తడు."

ఆమెకు అది ఊపిరి తీసుకున్నంత మామూలు సంగతి, అందుకే ఇన్ని నెలల్లో ఒక్కసారీ నాకు చెప్పాలనిపించలేదు. ఇంగ్లీషులో మొదటి అక్షరానికి చివరిదాని గురించి తెలియాల్సిన పనే లేదు. తెలుగులో వత్తుకు పైనున్న అక్షరం కావాలి, అంతే. మాట చివరనుంచి మొదటికి పోయే చెయ్యి ఇక్కడొక్కచోటే ఉంది. ఒకదాన్నొకటి పట్టుకుని గుండ్రంగా నిలబడ్డాక బయటివాళ్ళందరూ వదిలేసినా వాటి లెక్క సున్నాకు రాదు. ఇట్లాంటి ముడులను వెతికి ఊడ్చెయ్యటానికి ఆ ఇంటర్‌ప్రెటర్‌లో ఒక ఏర్పాటు ఉంది. కానీ ప్రతి రకం వస్తువూ నా చేతిలో ఇవి ఉన్నాయి అని దానికి చెప్పాలి. ఒక్క రకం వస్తువు చెప్పటం లేదు. ఆ నాలుగు వరసలు రాయటం ఎవరో మర్చిపోయారు. నా దోస్తు మొదటి అక్షరాన్ని దాచింది సరిగ్గా ఆ రకంలోనే.

అంటే తప్పు ఇంటర్‌ప్రెటర్‌దే. నాలుగు వరసలు రాశాను. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక మొత్తాన్ని మళ్ళీ కంపైల్ చేశాం. ఛత్తా బజార్‌లో ఆగిపోయిన జాబితానే ఇచ్చాం. మెమరీ కాస్త పెరిగి, తగ్గి, మళ్ళీ పెరిగి, తగ్గి, అట్లా చివరిదాకా పోయింది. దోస్తు నా భుజం గట్టిగా పట్టుకుని ఉంది, గోళ్ళు దిగేంతగా. ఎన్నో నెలల తర్వాత ఇద్దరం సంతోషంతో ఏడ్చాం. తడి జుట్టుతోనే బురఖా వేసుకుని, పద అంది.

ఆసుపత్రిలో చాచా మాట్లాడే స్థితిలో ఉన్నాడు, కానీ కష్టంగా ఉంది. కూతురు ఆయన చెవి దగ్గర వంగి, అయిపోయింది అబ్బా, ఇక ఆగదు అంది. ఆయన ఆమె వైపు తల తిప్పాడు.

"సేట్ కు బోలే క్యా?"

సేట్‌కు చెప్పారా అని. నిజానికి ఆసుపత్రికి వచ్చే దారిలోనే పీసీఓలో ఆగి ఫోన్ చేసింది. సేట్ పాపం మెల్లగానే చెప్పాడు. కొత్తది బాగా నడుస్తోంది బిడ్డా, మనుషులు దానికి అలవాటు పడ్డారు, వచ్చే ఏడు చూద్దాం, నాన్నకు నా సలాం చెప్పు. ఫోన్ పెట్టేసి బిల్లు కట్టి, చిల్లర తీసుకోకుండానే బయటికి వచ్చింది.

"హౌ అబ్బా. బోల్ దీ. పెళ్ళిళ్ళకు తీస్కొని రమ్మన్నరు" అంది. నేను పక్కనే ఉన్నాను. మంచం పక్కన పండ్ల సంచిని అటునుంచి తీసి ఇటు పెట్టాను. చాచా కళ్ళు మూసుకున్నాడు. దుప్పటి మీద ఆయన కుడిచెయ్యి వణుకుతూనే ఉంది. రెండు రోజుల తర్వాత, పొద్దుటి నమాజు వేళకు పోయాడు.

మా నాన్న పోయినప్పుడు కూడా నేను అంతగా ఏడవలేదు. అది చెప్పుకోవాల్సిన మాట కాదని తెలుసు. కానీ మా నాన్నకు నానుంచి కావలసింది ఏదీ బాకీ ఉండిపోలేదు. ఈయనకు కావలసింది ఒక్కటే. అది నాలుగు వరసల దూరంలో ఉండిపోయింది. నేను పంపిన దిద్దుబాటు ఆ వారంలోనే ఒప్పుకున్నారు. మొదట మూసేసిన ఆయనే, పట్టు వదలనందుకు థాంక్స్, తప్పు మాదే అని రాశాడు. ఇంకొకప్పుడైతే ఆ ఉత్తరాన్ని అచ్చుతీసి గోడకు అంటించి ఉండేదాన్ని. చదివి మూసేశాను.

నలభయ్యో రోజు చెహ్లుం. బంధువులను, బజారువాళ్ళను భోజనాలకు పిలవాలి. దోస్తు వాళ్ళ అన్నయ్య పెద్ద జాబితా రాసుకుని, సేట్ ఊరికే అచ్చువేసి ఇస్తానన్నాడు, ప్రెస్సుకు పోతున్నా అన్నాడు. వద్దంది. ఆ ఇంట్లో ఆమె గట్టిగా వద్దనటం నేను అప్పుడే చూశాను. అన్న కాగితం ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం మెషీను ముందు కూర్చున్నాం. ముందు కార్డు. నాన్న పేరు కొట్టింది. పోయినవాళ్ళ పేరు పక్కన మర్హూమ్ అని వేస్తారు. స్వర్గీయ అని మనం వేసినట్టు. పెళ్ళికార్డుల్లో తాతల పేర్ల పక్కన రోజూ పడే మాటే కాబట్టి అది కూడా ఉండాలని చాచా ఆ పొద్దుటి పూటల్లోనే అన్ని మాటలతో పాటు రాసిపెట్టాడు. అది తెర మీదకు వచ్చింది. పేరు ఆయన చేతిరాత. పక్కన మర్హూమ్ కూడా ఆయన చేతిరాతే. నిండుగా, ఎక్కడా వణుకు లేకుండా. దోస్తు దాన్ని చూసి వేలు పెట్టబోయి ఆగిపోయింది.

"కొట్టు" అన్నాను.

కార్డులయ్యాక కవర్లు. సేట్ పేరు, సందులోవాళ్ళ పేర్లు, ఛత్తా బజార్ మొత్తం. ప్రింటరు ఒక్కొక్కటే బయటికి తోస్తోంది. ఇంతకుముందు ఆగిపోయే చోటు వచ్చింది, దాటిపోయింది. మెమరీ ఎక్కుతోంది, దిగుతోంది. ఆయన చేతిరాతతో ఒక్కసారి కూడా ఆగకుండా మొదటినుంచి చివరిదాకా నడిచిన పని అదొక్కటే. తర్వాత సేట్ పిలవనూ లేదు, మేము అడగనూ లేదు.

నేలమీద పెట్టకూడదు కాబట్టి వచ్చిన కవర్లను వచ్చినట్టే ఒళ్ళో పెట్టుకుంటోంది దోస్తు. ఒడి నిండిపోయింది. ఇంకా వస్తూనే ఉన్నాయి.

"ఒక్కసారి ఆగితే బాగుండునే" అంది.

ప్రింటర్లో కవర్లు అయిపోవస్తుంటే ఇంకో కట్ట విప్పి పెట్టాను.